మూలకు మూల

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. మీ మామయ్య కులాసాకేం, ఇంకో ఇద్దరికి పంచిపెట్టేంత ఉంది. వ్యాను కూడా కులాసాగానే ఉంది. ఆ మాట పోయిన ఉత్తరంలో రాయలేకపోయాను, ఈసారి ధైర్యంగా రాస్తున్నాను. నువ్వు ఆ సొరంగం తవ్వేచోట దుమ్ము మింగకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేళకు తింటూ పనిచేసుకుంటున్నావని తలుస్తాను. తలుస్తాను అంటే నమ్ముతానని కాదు.

నీ ఉత్తరం అందింది. అందులో మంచీ చెడూ ఒక పేజీ, తిట్లు మిగతా పేజీలన్నీ. "బండిని పాత ఇనుము కింద అమ్మేయండి, ఇంటి దగ్గర ఛాసీ సరిచేయడమేంటి, మీ ముగ్గురికీ మతి పోయిందా" అని రాశావు. ఎవరి మతీ పోలేదు నాయనా. ఆసుపత్రి దుప్పట్లను లాండ్రీకి, లాండ్రీ నుంచి మళ్లీ ఆసుపత్రికి మోసే ఆ వ్యానుతోనే నువ్వు పెద్దవాడివయ్యావు. అయినా అమ్మకపోవడానికి కారణం అది కాదు. లారీ గుద్దుకున్న రోజు నుంచి మీ నాన్న నోట్లోంచి పూర్తిగా వచ్చిన మాట ఒక్కటే: "బండిని నేనే నిలబెడతా, నేనే నడుపుతా." మిగతావన్నీ ఊ, ఆ, చూద్దాం. ఉన్న ఒక్క మాటనూ ఆయన నోట్లోనే నొక్కేయడానికి నాకు చేతులు రాలేదు. ఆయన మళ్లీ స్టీరింగు పట్టుకోవాలి, ఆయనకు కావలసింది అదొక్కటే. నేనూ అప్పటికి అదే కోరుకున్నాను.

నువ్వడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర్లో. తొందరపడి చివరి పేజీకి దూకావంటే నాకు తెలిసిపోతుంది, నీ సంగతి నాకు తెలీదా.

నాన్న ఛాతీ నొప్పి తగ్గిందా అన్నావు. తగ్గింది. సీటు బెల్టు ఒరుసుకున్నచోట నల్లగా కమిలింది కదా, అది పసుపు రంగుకు తిరిగి ఆ తర్వాత మాయమైంది. దగ్గినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మానేశారు.

మామయ్య గ్యాసు మంట పెట్టాడా అన్నావు. పెట్టబోయాడు. గేట్లూ కిటికీ ఊచలూ అతికేవాడి చేతికి మంట దొరికితే లోకమంతా వెన్నముద్దలాగే కనిపిస్తుంది. "అక్కా, ఎర్రగా కాల్చి ఒక్క గుద్దు గుద్దితే దానంతటదే దారికొస్తుంది" అన్నాడు. నీ అంతకుముందు ఉత్తరం తెచ్చి వాడి ముఖం మీద చదివాను. కాలిస్తే ఆ ఇనుములో బలం పోతుంది, పైకి తిన్నగా కనిపించినా బరువు మొయ్యదు, చల్లగా ఉండగానే లాగాలి అని రాశావే, ఆ ముక్క. "వాడికేం తెలుసు, నిన్న మొన్నటిదాకా నిక్కర్లేసుకున్నోడు" అని గొణుగుతూనే సిలిండరు కట్టేశాడు. మేనల్లుడి మాటంటే వాడికి లోపల గౌరవమే, పైకి ఒప్పుకుంటే అరిగిపోతాడు.

ఇక అసలు పని ఎలా సాగిందో వరసగా చెబుతాను. నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు గనక మొదటినుంచీ చెప్పడమే మేలు. పెట్రోలు బంకు దగ్గరి కూడలిలో ఇసుక లారీ ఎడమవైపు నుంచి వచ్చి మన బండి ముందు ఎడమ మూలను కొట్టింది. బండి ఖాళీగా ఉంది, లారీ అతనికి గీత కూడా పడలేదు. దీపం పగిలింది, రేడియేటరు చితికింది, తలుపు నొక్కుకుపోయింది. అవన్నీ కొని తెచ్చి బిగించుకునేవి. కొనడానికి దొరకనిది కింద ఉన్న ఛాసీ. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డపట్టీలు. దెబ్బకి ఎడమ దూలం మొత్తంగా వెనక్కి జరిగింది. బండి నిలబడుతుంది గానీ, నడిపితే ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఇంకో దారి.

లాండ్రీ వాళ్లు నలుగురు వచ్చి వెనక దుప్పట్లు పెట్టే డబ్బాను విప్పి దించిపెట్టారు. షెడ్డులో నేల ఊడ్చి, కడిగి, ఆరబెట్టాను. చక్రాలు తీసేసి బండిని స్టాండ్ల మీద ఎక్కించారు. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారపు గుండు ఉంటుంది చూడు, దాన్ని ఛాసీ నాలుగు మూలల్లో ఉన్న బోల్టు రంధ్రాల నుంచి కిందికి వేలాడదీసి, గుండు మొన నేలను చూపించినచోటల్లా నా కుట్టుపని సుద్దతో గుర్తు పెట్టాం. అప్పుడు బండిని చూడక్కర్లేదు, నేలమీద గుర్తులు చూస్తే చాలు. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకు ఒక కొలత. కుడి ముందు నుంచి ఎడమ వెనకకు ఇంకోటి. రెండూ సమానంగా వస్తే ఛాసీ మూలమట్టంగా ఉన్నట్టు. మనకు రెండు వేళ్ల మందం తేడా వచ్చింది.

మీ నాన్న, మామయ్య గడ్డాలు పట్టుకుని నిలబడ్డారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. "ఏమండీ, ఇది మన దుప్పటి మూల పోవడమే కదండీ" అన్నాను.

నీకు గుర్తుందో లేదో. లాండ్రీ యంత్రంలో పిండిన దుప్పట్లు ఒక్కోసారి ఏటవాలుగా సాగిపోయి వస్తాయి. మడతపెడితే అంచు అంచుకు కలవదు. చిరుగులు కుట్టాలని నా దగ్గరికి వచ్చినవాటిని ముందు సాపు చేసుకోవాలి. ఏ రెండు మూలల మధ్య పొడుగు తగ్గిందో ఆ రెండు మూలల్నీ చెరొకరం పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి లాగుతాం. నేనూ మీ నాన్నా పెళ్లైన కొత్తల్లో మొదలుపెట్టాం, ఇప్పటికీ సాయంత్రాలు అదే పని. నువ్వు చిన్నప్పుడు ఆ దుప్పటి కిందనుంచి దూరి పరిగెత్తేవాడివి, ఆయన కావాలనే నీ నెత్తిమీదికి వదిలేసేవారు. ఛాసీ కూడా అంతే కదా. తగ్గిన మూలల్ని పట్టుకుని మూలకు మూల లాగడమే. "అక్క చెప్పింది నిజమే బావా" అన్నాడు మామయ్య. వాడు నా మాట ఒప్పుకోవడం మొదటిసారి, అందుకే రాస్తున్నాను.

లాగడానికి చైను పుల్లీ అరువు తెచ్చారు. దాన్ని దేనికి కట్టాలన్నది ప్రశ్న. నేను వద్దంటున్నా వినకుండా గేటు స్తంభానికి కట్టారు. "ఆ స్తంభం నేను పాతింది అక్కా, ఏనుగును కట్టినా కదలదు" అన్నాడు మామయ్య. ఏనుగు సంగతి నాకు తెలీదు. పుల్లీ నాలుగు లాగులు లాగేసరికి ఛాసీ రాలేదు, గేటు వచ్చింది. స్తంభం ఒక పక్కకు ఒరిగి ఇప్పటికీ అలాగే ఉంది. గేటు మూయాలంటే పైకెత్తి తొయ్యాలి. పాలాయన రోజూ ఆగి దాన్ని చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోతున్నాడు.

ఆ తర్వాత బుద్ధిగా షెడ్డు నేల తవ్వి, కాంక్రీటులో రెండు ఇనుప కొక్కేలు దించారు, ముందొకటి, వెనకొకటి. కాంక్రీటు గట్టిపడేదాకా ఎవరూ చైను ముట్టుకోకూడదని నేను తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను. వెనక కుడి మూలను ఒక కొక్కేనికి బిగించి, ముందు ఎడమ మూలను పుల్లీతో లాగాలి. చైను పక్కన ఎవరైనా నిలబడుతున్నారా అని అడిగావు. ఎవరూ లేరు. చైను తెగినా ఎగిరి మనుషుల మీదికి రాకుండా దానిమీద నీ పాత బొంత కప్పాం. నువ్వు పడుకోవడానికి పనికిరాదని గొడవపెట్టిన ఆ బొంతే. ఇనుముకు బాగానే పనికొచ్చింది.

పగుళ్లు చూశారా అని అడిగావు. అతుకుల దగ్గర కిరసనాయిలు రాసి, కాసేపాగి తుడిచేసి, పైన సుద్దపొడి చల్లి చూశాం. పగులుంటే లోపలికి దిగిన నూనె సుద్దలోకి గీతలాగా ఊరుతుంది. ఎక్కడా గీత రాలేదు. రెండు రివెట్లు మాత్రం వదులయ్యాయి. మామయ్య వాటిని కొట్టేసి బోల్టులు బిగించాడు. ఆ పని చూస్తే వాణ్ని మెచ్చుకోక తప్పదు.

మొదటిరోజు లాగుడు చక్కగా సాగింది. కొంచెం లాగి, అలాగే బిగపట్టి ఉంచి, అతుకుల దగ్గర సుత్తితో చిన్నగా తట్టి, వదిలి, కొలుస్తాం. వదలగానే కొంత వెనక్కి పోతుంది. గుడ్డలాగే ఇనుముకూ పాత వంపు మీద మమకారం ఉంటుంది. అందుకని కావలసినదానికన్నా ఒక పిసరు ఎక్కువ లాగాలి. మళ్లీ గుండు వేలాడదీసి కొత్త గుర్తు పెట్టాలి. పాతది తెల్లసుద్ద, కొత్తది నీలంసుద్ద. సాయంత్రానికి సగం తేడా పోయింది. మీ నాన్న ముఖంలో కళ వచ్చింది. ఆ పూట అడిగి మరీ వడ్డించుకున్నారు.

ఇక్కడినుంచి నెమ్మదిగా చదువు.

రెండో రోజు కొలవడానికి మీ నాన్నే బండి కిందికి దూరారు. ఎడమ ముందు మూల ఎవరికీ ఇవ్వనన్నారు. టేపు ఆ చివర ఆయన పట్టుకున్నారు, ఈ చివర నేను. "ఇంకా వేలెడు తక్కువ, లాగు" అన్నారు. ఆయన ఇవతలికి వచ్చాక మామయ్య లాగాడు. కొత్త గుర్తు నేనే పెట్టి వచ్చాను. మళ్లీ కొలిచాం. "అంతే ఉంది. లాగు" అన్నారు. మళ్లీ లాగాడు, మళ్లీ గుర్తు పెట్టాను. మళ్లీ "అంతే ఉంది" అన్నారు. చైను కిర్రుమంటోంది. "బావా, ఇంక నా వల్ల కాదు, ఏదో తేడా ఉంది" అని మామయ్య చేతులెత్తేశాడు. "తేడా నీ చేతుల్లో ఉంది, లాగరా" అని మీ నాన్న కిందనుంచి అరిచారు. ఆయన అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

నేను టేపు వదిలేసి కిందికి దూరాను. ఆయన టేపును తెల్ల గుర్తు మీద నొక్కి పట్టుకుని ఉన్నారు. నిన్న సాయంత్రం ఆపినచోటి గుర్తు, పొద్దున్న నేనే తెల్లసుద్దతో దిద్దింది. దానికి ఎడమపక్కనే నా నీలం గుర్తులు వరసగా కళ్లకు కొట్టొచ్చినట్టు ఉన్నాయి.

"ఏమండీ, నీలం గుర్తు మీద కదా పట్టుకోవాల్సింది" అన్నాను.

"ఏ నీలం?" అన్నారు. నేలకేసే చూస్తూ అడిగారు.

బయటనుంచి మామయ్య నవ్వాడు. "బావ నీలానికీ తెలుపుకీ తేడా మర్చిపోయాడు." నాకు నవ్వు రాలేదు. ఆయన తల తిప్పారు, అప్పుడు చూశారు, చూసి టేపును గబుక్కున అటు జరిపి "చీకటిగా ఉందిక్కడ" అన్నారు. లైటు ఆయన మోచేతి పక్కనే వెలుగుతోంది. నిజం కొలత చూస్తే ఛాసీ ఎప్పుడో దారికొచ్చి, దాటి అటువైపు కూడా పోయింది. ఇక ఈ రోజుకి చాలని చైను దింపించేశాను.

ఆ పూట కుట్టుమిషను ముందు కూర్చుని మరమ్మతు బట్టల మూట విప్పాను. మీ నాన్న చొక్కా ఒకటి పైకి వచ్చింది, భుజం దగ్గర చిరిగి. ఏమనిపించిందో లేచి ఆయన బీరువా తీశాను. ఉన్న చొక్కాలన్నిటికీ భుజం దగ్గర నా కుట్లే. ఒక్కటీ కుడి భుజం కాదు, అన్నీ ఎడమే. షెడ్డు తలుపు గొళ్లేనికి తగిలించుకుని వచ్చి ఇస్తుంటే, "తలుపంత వెడల్పున్నా మీకు చాలదా" అని వేళాకోళం చేస్తూ కుట్టిపెట్టాను. ఇన్నాళ్లూ కుట్టానే గానీ, ఎందుకు చిరుగుతోందని ఒక్కసారి అడగలేదు.

పొద్దున్న టీ తెచ్చి, ఎప్పుడూ పెట్టే కుడిపక్కన కాకుండా ఎడమపక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ఆయన పేపరు చూస్తున్నారు. కాసేపటికి "టీ ఇవ్వలేదేం?" అన్నారు.

"ఇచ్చాను."

"ఎక్కడ?" అని తల పూర్తిగా తిప్పేదాకా గ్లాసు కనిపించలేదు. కనిపించాక దాన్ని ముట్టుకోలేదు. నావైపు చూశారు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది.

చిన్నోడా, "అంత పెద్ద లారీ, ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషికి కనిపించకపోవడమేంటి" అని అడిగావు కదా. నేను చివరికి దాచుకుంది ఆ ప్రశ్ననే. కనిపించలేదు నాయనా. నిజంగానే కనిపించలేదు.

"కూడలి దగ్గర బండి ఆపాను" అన్నారు ఆయన. "రెండు పక్కలా చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ రోడ్డులోంచే లారీ వచ్చింది."

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఏమో. కొంతకాలంగా ఎడమవైపు మనుషులు ఉన్నట్టుండి పుట్టుకొస్తున్నారు. వయసేమో అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళాలు లాక్కుంటావని."

"లాక్కునేదాన్నే" అన్నాను. అని ఏడ్చేశాను. కోపమో భయమో చెప్పలేను, రెండూ ఉన్నాయి. ఆ లారీ స్థానంలో సైకిలు మీద పోయే పిల్ల ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. ఆయనకూ ఆ ఆలోచన ముందే వచ్చిందట. గుద్దుకున్నప్పటినుంచీ మాట్లాడకపోవడానికి కారణం అదేనట.

కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. ఎడమ కంటిచూపు దాదాపు పోయింది, కుడి కంట్లో ముక్కువైపు కూడా తగ్గింది. నొప్పి ఉండదు, చీకటిగానూ అనిపించదు, కనిపించనిచోట ఏదో ఉన్నట్టే మెదడు పూడ్చేసుకుంటుందట. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వెయ్యాలి. బండి మాత్రం నడపకూడదు అని ఆవిడ మెత్తగానే చెప్పింది గానీ, వినేవాళ్లకు మెత్తగా ఏముంటుంది.

లారీవాణ్ని వదలొద్దని రాశావు. వాడు కుర్రాడు, వాళ్ల యజమాని అప్పటికే పని మాన్పించాడు. మీ నాన్న మర్నాడే మామయ్యను తోడు తీసుకుని ఇసుక డిపోకి వెళ్లి, "తప్పు నాది, నాకు కనిపించలేదు" అని యజమాని ముందే చెప్పి వచ్చారు. వాణ్ని మళ్లీ పనిలో పెట్టుకున్నారు. "బావ అందరి ముందూ చెప్పాడక్కా, నాకే తల ఎటు పెట్టుకోవాలో తెలియలేదు" అన్నాడు మామయ్య. నాకు మాత్రం ఆయన తలెత్తుకునే వచ్చినట్టు కనిపించారు.

కానీ వస్తూనే ఆయన షెడ్డు తలుపు వేసేశారు. "ఇంకెందుకు లాగడం? పిల్లాడు చెప్పినట్టు ఇనుము కింద పడేద్దాం" అన్నారు. అప్పటికి నీ మాటే నెగ్గేటట్టు ఉంది. ఛాసీ స్టాండ్ల మీద అటూ ఇటూ కాకుండా ఉంది, ఆయనా అలాగే ఉన్నారు. భోజనానికి పిలిస్తే వస్తారు, లేవమంటే లేస్తారు. లాండ్రీ నడిపే ఆవిడ ఇంకో బండి చూసుకోమంటారా అని కబురు పంపింది. కొన్నాళ్లు చూశాను. నా ఓపిక గురించి నీకు తెలుసు కదా, అంత పొడుగుండదు.

ఒకరోజు షెడ్డు తలుపు తీసి, స్టాండ్ల మీద ఉన్న బండి ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చక్రాల్లేవు, ముందు దీపాల్లేవు. హారను మాత్రం ఉంది. గట్టిగా నొక్కాను. ఆయన పరిగెత్తుకొచ్చారు.

"ఏం చేస్తున్నావే?"

"వీటిలో క్లచ్చు ఏది?"

"నీకెందుకు?"

"అడిగినదానికి చెప్పండి. సగం లాగిన దుప్పటిని ఎవరైనా మడతపెడతారా? మీరు నడపకూడదన్నారు గానీ, బండి నడవకూడదని డాక్టరమ్మ చెప్పలేదు."

ఆయన ఎడమ చేత్తో తలుపు అంచు తడుముకుని, భుజం తగలకుండా లోపలికి వచ్చి పక్క సీటెక్కారు. "ఎడమ కాలి కిందది" అన్నారు. "తొక్కినంత వేగంగా వదలకూడదు."

ఇదీ నాయనా నీ దగ్గర దాచిన మాట. ఇప్పుడు మన వ్యాను నడిపేది మీ అమ్మ. తల పట్టుకోకు, పూర్తిగా విను. చక్రాల్లేని బండిలో కూర్చుని రోజూ గేర్లు మార్చాను. ఎక్కడికీ పోకుండానే లాండ్రీకి వెళ్లొచ్చాను, ఆసుపత్రికి వెళ్లొచ్చాను, దారిలో ఎక్కడ మలుపో ఎక్కడ గుంతో ఆయన చెబుతుంటే స్టీరింగు తిప్పాను. ఆయన నవ్వింది ఆ రోజుల్లోనే. "ఇప్పుడు ఒక గేదెను గుద్దావు" అనేవారు. ఆ తర్వాత డ్రైవింగు స్కూల్లో చేరాను. జీవితమంతా కుట్టుమిషను తొక్కినదాన్ని, కాళ్లకు కొత్తేం కాదు. వెనక్కి నడపడం దగ్గర ఒకసారి తప్పాను, రెండోసారి లైసెన్సు ఇచ్చారు. తప్పిన సంగతి మామయ్యకు చెప్పకు.

మధ్యలో ఛాసీ పని ముగించాం. అటు దాటిపోయినదాన్ని జాగ్రత్తగా ఇటు లాక్కున్నాం. ఈసారి ఎడమ మూల టేపు నేను పట్టుకున్నాను, కుడి మూల ఆయన. రెండు కొలతలూ వెంట్రుక తేడా లేకుండా వచ్చాక ఆయన టేపు చుట్టి నా చేతిలో పెట్టారు. డబ్బా ఎక్కించారు, రంగు వేశారు, రేడియేటరు వచ్చింది. బండ్లు తనిఖీ చేసే ఆఫీసరు కిందికి దూరి టార్చి వేసి చూసి, మూలలు తనే కొలుచుకుని, సంతకం పెట్టాడు.

ఇంక ఒక్క పరీక్ష మిగిలింది. గోదాముల వెనక ఖాళీ మైదానానికి బండిని తీసుకెళ్లాం. ఆ రోజు మాత్రం లాండ్రీ డ్రైవరు నడిపి తెచ్చి పెట్టాడు. నేలమీద అడ్డంగా బకెట్లతో నీళ్లు పోశాం. నీళ్లలోంచి తిన్నగా నడిపితే పొడినేల మీద చక్రాల తడి జాడ పడుతుంది. ఛాసీ వంకరగా ఉంటే వెనక చక్రాల జాడ పక్కకు పడి నాలుగు గీతలు కనిపిస్తాయి. బాగుంటే రెండే.

మీ నాన్న అలవాటుగా వెళ్లి డ్రైవరు తలుపు పిడి మీద చెయ్యి వేశారు. వేసి ఆగారు. మామయ్య బకెట్టు పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆయన తలుపు తెరిచి, పక్కకు జరిగి, "ఎక్కు" అన్నారు నాతో. "జాడ చూడ్డానికి ఎవరో ఒకరుండాలి. నాకు తెలిసినంత వీడికి తెలీదు."

ఎక్కాను. నీళ్లు దాటి, తిన్నగా మైదానం చివరిదాకా వెళ్లి ఆపాను. అద్దంలో చూస్తే ఆయన ఆ తడి గీతల మీద వంగి నడుచుకుంటూ వస్తున్నారు, మెడ కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పుకుంటూ, ఒక్క అడుగూ వదలకుండా. కిటికీ దగ్గరికి వచ్చి, "రెండే" అన్నారు. ఆ మాట చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నేనూ దిగి చూశాను, రెండే.

ఇప్పుడు రోజూ ఇద్దరం వెళ్తున్నాం. ఆయన పక్క సీట్లో కూర్చుంటారు, దుప్పట్ల మూటలు లెక్క చూసుకుంటారు, నా గేర్ల మీద వ్యాఖ్యానం చేస్తారు. పెట్రోలు బంకు దగ్గరి కూడలి వచ్చేసరికి మొదటిరోజు ఆయన చేతులు సీటును బిగించి పట్టుకున్నాయి. నేను బండి పూర్తిగా ఆపేశాను. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు, కొట్టనీ అనుకున్నాను.

"కుడి ఖాళీ" అన్నారు ఆయన మెల్లగా. ఆ వెంటనే, "ఎడమ నాకు తెలీదు. నువ్వు చూడు" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలీదు అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎడమవైపు రెండుసార్లు చూశాను. "ఎడమ ఖాళీ" అని బండి పోనిచ్చాను. అప్పటినుంచీ ఆ కూడలి దగ్గర ఇద్దరం ఆ మాటలు చెప్పుకోకుండా కదలం.

ఇప్పుడు నీ పని. తండ్రికి ఈ జబ్బుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువట, కబురు చెయ్యమని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. నువ్వు చేసేది సొరంగంలో, యంత్రాల మధ్య. బాగానే కనిపిస్తోంది కదా అనకు, మీ నాన్నకూ బాగానే కనిపించింది. సెలవు పెట్టి వెళ్లి కంటి ఒత్తిడి చూపించుకో. ఏం చెప్పారో దాచకుండా రాయి. బాగుంటే బాగుందని రాయి, బాగాలేకపోతే చుక్కలు వేసుకుందువు గాని, అందులో ప్రాణం పోయేదేం లేదు. ఆలస్యం చేస్తేనే చిక్కు. నీ చొక్కాలు కూడా ఒకసారి చూసుకో.

మీ నాన్న ఇక్కడ రెండు మాటలు రాస్తానని చోటు వదలమన్నారు. కలం ఇస్తున్నాను.

*ఒరేయ్, మీ అమ్మ మూడో గేరు నుంచి నాలుగుకి మార్చేటప్పుడు బండిని ఏడిపిస్తోంది, కానీ రోడ్డు మీదనుంచి చూపు తిప్పదు. గేటు నేను బాగుచేస్తాను, మామయ్యను చెయ్యి వేయనివ్వను. నువ్వు కళ్లు చూపించుకో. తెలిసీ నేను చెప్పకుండా ఊరుకున్నాను. నువ్వు అలా చేయకు. - నాన్న*

చూశావా, పేజీ ఎడమవైపు సగం ఖాళీగా వదిలేసి రాశారు. ఆ ఖాళీలో నేను సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
ఎడమవైపు చూసుకునే
మీ అమ్మ